ఎడమచేతి ఉత్తరం

పట్టపగలు, నిండు సంతలో, మా ఫెలీసా ఒక కొండ కుర్రాడి వెదురు గొట్టాలన్నీ తన్నేసింది.

కావాలని కాదు. ఆ పిల్లకు చూపు లేదు. ఆరేళ్ళప్పుడు తట్టు పోసి పోయింది. అయినా తెల్ల కర్ర ఊపుకుంటూ శనివారం సంతంతా ఒక్కతే తిరిగేది. ఎండుచేపల వాసన వస్తే మా కొట్టు, అల్లం వాసన వస్తే మలుపు, పసింగమ్మ గొంతు వినిపిస్తే అరటిపళ్ళు. ఆ రోజు అల్లం మలుపులో, ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట, ఎవడో కొత్తవాడు గోనెపట్టా పరిచాడు.

గొట్టాలు నాలుగు వైపులా దొర్లాయి.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు కుర్రాడు.

"నెత్తికెక్కడానికి అసలుంటే కదా!" అంది ఫెలీసా. "నడిచే దారిలో దుకాణం పెట్టిన నీకేమొచ్చింది?"

నేను తక్కెడ వదిలేసి పరుగెత్తాను. మామూలుగా ఇక్కడే జనం "అయ్యో పాపం" అంటారు. ఆ మాట వింటే మా పిల్లకు ఒళ్ళు మండుతుంది. ఆ కుర్రాడు అనలేదు. కర్ర వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"కర్ర ఉందిగా. అది చూసుకోదా?"

"చూసింది. తన్నమంది."

కుర్రాడు పకపకా నవ్వాడు. కాలికి తగిలిన గొట్టాన్ని ఫెలీసా చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమింది.

"ఇదేంటి, ఎలుకలు కొరికాయా?"

"మా ఎలుకలకు చదువొచ్చు. అవి అక్షరాలు."

ఆమె వేలు ఆగిపోయింది. "అక్షరాలా? వెదురు మీదా?"

"కత్తితో చెక్కుతాం. మా తాతల నాటి రాత. కాగితంలా చిరగదు, సిరాలా కారిపోదు."

"ఏం రాసుంది?"

"కొంటే చెప్తా."

"చెప్తే కొంటా."

"ఇది తమలపాకుల్లోకి సున్నం పోసుకునే గొట్టం. 'దీన్ని దొంగిలించినవాడి నోరు పొక్కిపోవాలి' అని రాశాను."

ఫెలీసా కొనేసింది. కుర్రాడి పేరు లుయోన్. కొండ మీది హనునోవో తెగ అబ్బాయి. అల్లం, అరటికాయలు, ఈ గొట్టాలు పట్టుకుని తెల్లవారుజామున బయలుదేరితే సంత వేళకు మా ఊరు చేరతాడు.

ఫెలీసా మా ఆయన చెల్లెలి కూతురు. తల్లి పోయాక మా ఇంట్లోనే పెరిగింది. పట్నంలో సిస్టర్ల బడిలో చదివి, మా ఊరి బడిలోనే టీచరయింది. ఆమె గదిలో ఐదుగురు పిల్లలు, ఐదుగురికీ చూపు లేదు. బ్రెయిలీ పుస్తకాలు పంపిస్తామని పైనుంచి ఏటా ఉత్తరం వస్తుంది, పుస్తకాలు రావు. ఆ ఉత్తరం కూడా మామూలు కాగితం మీదే వస్తుంది. అందుకని పాఠాలన్నీ తనే పొడిచేది. గళ్ళ పలకలో దళసరి కాగితం బిగించి, ములుకుతో ఒక్కొక్క చుక్కా. మా వంటింట్లో అన్నం ఉడికే చప్పుడు, ఆ ములుకు చప్పుడు కలిసే వినబడేవి.

మైదానంలో ఉండే మా వాళ్ళకూ ఒకప్పుడు సొంత లిపి ఉండేదట. ఇప్పుడది చొక్కాల మీదా, పచ్చబొట్లలోనూ మిగిలింది. కొండవాళ్ళు మాత్రం తమ లిపిని ఎప్పుడూ వదల్లేదు. ప్రేమ కబుర్లు కూడా అందులోనే చెక్కుకుంటారు. మున్సిపల్ హాలులో సంస్కృతి వ్యవహారాలు చూసే ఎవరిస్తో గారు ఆ అక్షరాలతో ఒక చార్టు అచ్చు వేయించి బళ్ళన్నిటికీ పంచారు. ఫెలీసా ఆ చార్టు తెచ్చి నా ముందు పెట్టింది.

"అత్తా, గీతల మీద జిగురు రాసి ఊలు దారం అంటించవా?"

"ఈ వయసులో నాకు అక్షరాభ్యాసమా?"

"నీకు కాదు, నాకు."

రెండు సాయంత్రాలు కూర్చుని అంటించాను. ఆమె తడిమి తడిమి నేర్చుకుంది. మరుసటి శనివారం నన్ను లాక్కుని నేరుగా అల్లం మలుపుకు వెళ్ళింది.

"ఏయ్, నువ్వున్నావా?"

"ఉన్నా టీచరమ్మా. గొట్టాలు ఈసారి గోడవారగా పెట్టాను. తన్నాలంటే కష్టపడాలి."

"నీ అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. నీకు నీ రాతే సరిగ్గా రాదు!"

చుట్టుపక్కల వాళ్ళు కిసుక్కున నవ్వారు. లుయోన్ ముఖం ఎర్రబడింది.

"నాది ఎడమ చేయి," అన్నాడు. "మా వాళ్ళలో ఎడమచేతి వాళ్ళు ఇలాగే చెక్కుతారు, అద్దంలో చూసినట్టు. ఎవరూ తప్పనరు. కింద మీ బడిలో చేరినప్పుడు మాత్రం టీచరు నా ఎడమ చేతిని బెంచీకి కట్టేశారు. రెండు నెలలు. మూడో నెల బడి మానేశాను, చేయి మానలేదు."

"తిరగేసి రాస్తే చదివేవాడికి తలతిరగదా?"

"తలే తిప్పుకుంటాడు. నీకేం తెలుసు?"

ఫెలీసా సంచిలోంచి పలక తీసింది, కాగితం పెట్టింది, కుడి నుంచి ఎడమకు టకటకా పొడిచింది. కాగితం తీసి, వెనక్కి తిప్పి, అతని వేలు పట్టుకుని చుక్కల మీద ఆనించింది.

"ఇది నీ పేరు. చుక్కలు వెనక వైపు లేస్తాయి. అందుకే బ్రెయిలీ పొడిచేటప్పుడు ప్రతి అక్షరం తిరగేసి పొడవాలి. పద్దెనిమిదేళ్ళుగా నేను రోజూ తిరగేసే రాస్తున్నాను."

"అయితే నన్నెందుకు తిట్టావు?"

"నాలాంటివాడు ఇంకొకడు ఉంటాడని తెలీక."

వాన మొదలైంది. సంతంతా గోనెలు కప్పుకుని పరుగెత్తింది. ఆ ఇద్దరూ మాత్రం అల్లం వాడి టార్పాలిన్ కింద, వేలు వేలు పట్టుకుని అలాగే ఉన్నారు. అక్షరాల కోసమే పట్టుకున్నారని నేను నన్ను నమ్మించుకున్నాను.

ఆ తర్వాత ప్రతి శనివారం చదువే. అతను ఆమెకు వెదురు రాత నేర్పుతాడు, ఆమె అతనికి చుక్కలు నేర్పుతుంది. ఎండుచేపలు కట్టిస్తూ నా చెవి అటే ఉండేది.

"అక్షరం ఒంటరిగా ఉంటే 'అ'కారం," అనేవాడు లుయోన్. "ఈ పక్కన చిన్న గంటు పెడితే 'ఇ'. ఆ పక్కన పెడితే 'ఉ'. 'ఒ' అన్నా 'ఉ' అన్నా మాకు ఒకటే."

"నువ్వు చెక్కితే పక్కలు మారిపోతాయి."

"అందుకే నాది చదవాలంటే నన్నెరిగి ఉండాలి. ఇంకో సంగతి. మాట చివర పొల్లు ఉంటే మేం రాయం. మధ్యలో పొల్లున్నా రాయం."

"రాయకపోతే ఎలా తెలుస్తుంది?"

"తెలుసుకోవాలి. ఇదిగో, ఇది చదువు."

ఫెలీసా గోటితో తడిమింది. "త... లు."

"మీ తగలోగు భాష మాటే. ఏమిటది?"

"తలో. ఓడిపోవడం."

"కావచ్చు. తలోన్ కూడా కావచ్చు, జలపాతం. తలోంగ్ కూడా కావచ్చు, వంకాయ."

"ఛీ! 'నీ కోసం జలపాతం దగ్గర నిలబడ్డాను' అని ప్రియుడు రాస్తే, 'నీ కోసం వంకాయ దగ్గర నిలబడ్డాను' అని చదువుకోవాలా?"

"ప్రియుడు ఎలాంటివాడో ఆమెకు తెలుసుంటుందిగా. వంకాయ లాంటివాడైతే వంకాయే."

ఆమె నవ్విన నవ్వుకు పసింగమ్మ అరటిపళ్ళ లెక్క తప్పింది. సంతలో ఒక లెక్క తప్పితే ఊరికి పది కథలు పుడతాయి. మూడో నెలకల్లా వాళ్ళిద్దరూ పెళ్ళి మాట అనుకుంటున్నారని మా ఆయన చెవిన పడింది.

మా ఆయన పేరు అర్కాడియో. ఊరందరికీ కాడ్యో. మంచివాడే. దేవుడికి భయపడతాడు, నాకూ కొంచెం భయపడతాడు. కానీ కొండవాళ్ళ విషయంలో మా ఊరివాళ్ళందరి మాటే ఆయనదీను.

"అక్షరాలంటే అక్షరాలు నేర్చుకో. పెళ్ళెందుకమ్మా?" అన్నాడు భోజనాల దగ్గర. "పైన కరెంటు లేదు, దారి లేదు. రెండు వాగులు. నీకు చూపు లేదు."

"దారి లేని చోట చూపున్నవాళ్ళకు మాత్రం ఏం కనిపిస్తుంది మామయ్యా?"

"అది కాదు. వాళ్ళు మనవాళ్ళు కారు."

"నన్ను చూసి అయ్యో పాపం అననివాడు ఈ ఊళ్ళో ఒక్కడున్నాడా, మనవాడు? ఉంటే తీసుకురా. వాణ్ణే చేసుకుంటా."

మా ఆయన ఇంకాస్త అన్నం వడ్డించుకున్నాడు. ఆ లెక్కలోకి నేనూ వస్తాను. 'అయ్యో పాపం' అని రోజూ జపమాల చివర ఆ పిల్ల కోసం ప్రార్థించేది నేనే మరి.

జులైలో లుయోన్ స్వయంగా మా కొట్టుకు వచ్చాడు. నడుముకు నీలి నేత గుడ్డ, మెడలో పూసలు, చేతిలో అల్లం బుట్ట. మా ఆయన ఎండుచేపల మీద ఈగలు తోలుతూనే ఉన్నాడు.

"ఫెలీసా," అన్నాడు లుయోన్, అందరికీ వినబడేలాగే. "మా నాన్నతో, మా పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నాను. వాళ్ళకు నువ్వంటే ఇష్టం లేదు."

"మా మామయ్యకు నువ్వంటే ఇష్టం లేదు. సరిపోయింది."

"వాళ్ళు నీ ఎదురుగా కూర్చుని నీ నోటితో జవాబు వింటామన్నారు. ఏ రోజో, ఎక్కడో తేలగానే చెక్కి పంపుతాను. నువ్వొచ్చి సరేనంటే సరే. రాకపోతే వద్దన్నట్టే. అదే మా పద్ధతి. ఆ తర్వాత నేను ఈ సంతకు రాను. నిన్ను ఇబ్బంది పెట్టను."

"పంపు," అంది ఫెలీసా. "వచ్చేదీ రానిదీ నా కాళ్ళు చెబుతాయి. అవి గుడ్డివి కావు."

ఆ వారమే తుఫాను వచ్చింది. నది పొంగింది. శనివారం కొండ నుంచి ఎవరూ దిగలేదు. మరుసటి గురువారం నీళ్ళు కాస్త తీశాక అల్లం బస్తాలతో దిగినవాడెవడో ఒక జానెడు వెదురుముక్క నా చేతిలో పెట్టి, "మీ టీచరుకి" అని వెళ్ళిపోయాడు.

ఫెలీసా బడిలో ఉంది. ఆ ముక్కను నేను ఆమె పలక పక్కన పెట్టి ఉండాల్సింది. మా ఆయన చేతికి ఇచ్చాను. ఆమెకు వచ్చిన ప్రతి కాగితం మా ఇంట్లో మేమే విప్పి చదివేవాళ్ళం. బ్యాంకుదైనా, బడిదైనా. ఇదీ అలాగే అనుకున్నాను. అలవాటు తప్పులా కనబడదు కదా.

మా ఆయన దాన్ని ఎవరిస్తో గారి దగ్గరకు తీసుకెళ్ళాడు. శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. సంతోషపడాల్సిన మనిషి ముఖంలో సంతోషం లేదు.

"చదివించాను తల్లీ. మూడే మాటలు. 'లుగి. తలి. అకి.' నష్టం, ముడి, నాది. 'ఈ ముడి నాకు నష్టం' అని రాశాడు."

ఫెలీసా చేతిలో ములుకు ఆగింది. తర్వాత మళ్ళీ పొడవడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి చూస్తే పలకలో కాగితం లేదు. వట్టి గళ్ళలో పొడుస్తోంది.

"తల్లీ," అన్నాను.

"వెదురేది?"

"ఎవరిస్తో గారు చాలా బాగుందన్నారు," అన్నాడు మా ఆయన. "హాల్లో అద్దాల బీరువాలో పెట్టారు."

"నాకొచ్చిన ఉత్తరాన్ని అద్దాల బీరువాలో పెట్టారా?"

"నీకెలాగూ..." అని ఆయన ఆగిపోయాడు.

"కనబడదు. అనెయ్ మామయ్యా. నాకన్నీ మీరే చదివారు ఇన్నాళ్ళూ. మా బడి రాజీనామా కాగితం తెచ్చి 'ఇది జీతం రసీదు' అని చదివినా నేను సంతకం పెట్టేదాన్ని. కానీ ఇది మాత్రం కాదు. అతను నన్ను తిట్టినా, నా వేలితో నేనే తిట్టించుకుంటా."

శనివారం పొద్దున్నే మున్సిపల్ హాలు తలుపులు తీసే వేళకు మేం ముగ్గురం మెట్ల మీద ఉన్నాం. మా ఆయనను రమ్మని ఎవరూ అనలేదు. వెనకే వచ్చాడు.

ఎవరిస్తో గారి చొక్కా మీద మా పాత లిపి, ముంజేతి మీద పచ్చబొట్టు కూడా అదే.

"సర్, ఆ బీరువా తెరవండి," అంది ఫెలీసా.

"తాకకూడదమ్మాయ్. బోర్డు పెట్టాం."

"బోర్డు నాకు కనబడదు. బోర్డును కూడా తాకాల్సిందే."

"అది పురావస్తువు. కొండవాళ్ళ వారసత్వం. చేతి చెమట తగిలితే పాడవుతుంది."

"మొన్న గురువారం నాకు వచ్చిన ఉత్తరం శనివారానికి పురావస్తువయిందా? మీకు వచ్చే కరెంటు బిల్లును కూడా ఇలాగే బీరువాలో పెడతారా?"

సంతకు వచ్చిన వాళ్ళు గుమ్మంలో మూగారు. ఎవరిస్తో గారు మెత్తని మనిషే, కాస్త నామోషీ ఎక్కువ. "చూడమ్మా, నేను జాగ్రత్తగానే చదివాను. గీతలు వంకరటింకరగా ఉన్నాయి, చదువు రానివాడిలా చెక్కాడు. అయినా పోల్చుకున్నాను."

"వంకరగానా? ఎలా వంకర?"

"అన్నీ... అటువైపు తిరిగి."

ఫెలీసా చేయి చాచింది. అలాగే చాచి నిలబడింది. ఎంతసేపని చాచిన చేతికి ఎదురుగా నిలబడగలడు మనిషి? మా ఆయనే ముందుకు వెళ్ళి, "తెరవయ్యా, నేనిచ్చిందే కదా," అన్నాడు.

వెదురు ఆమె చేతిలోకి వచ్చింది. బొటనవేలి గోరు కింది నుంచి పైకి నెమ్మదిగా కదిలింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి ఆమె పెదవులు కదిలాయి. నా జపమాల చేతిలో ఉందో లేదో కూడా నాకు తెలియలేదు.

"సర్," అంది, "చెక్కినవాడిది ఎడమ చేయి."

"అయితే?"

"అక్షరాలు తిరగబడితే గంట్లు కూడా పక్కలు మారతాయి. మీరు 'ఇ' అన్నచోట 'ఉ'. 'ఉ' అన్నచోట 'ఇ'. మీరు లుగి అన్నది లిగు. తలి అన్నది తలు. అకి అన్నది అకు."

ఎవరిస్తో గారు చార్టు తీశారు, వెదురును చూశారు, అరచేతి మీద వేలితో రాసుకున్నారు. ముఖం పాలిపోయింది. అయినా ఊరుకోలేక, "లిగో అంటే స్నానం," అన్నారు. "తలోంగ్ అంటే వంకాయ. అకో అంటే నేను. స్నానం, వంకాయ, నేను. దీనికంటే నేను చదివిందే నయం!"

గుమ్మంలో వాళ్ళంతా గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఫెలీసా.

"అతను రాసి పంపుతానన్నది రోజు, చోటు. స్నానం రోజు కాదు సర్, వంకాయ చోటు కాదు. పొల్లులు మనం పెట్టుకోవాలి. లింగ్గో. తలోన్. అకో." ఒక్కొక్క మాటకూ వెదురు మీద ఒక్కసారి తట్టింది. "ఆదివారం. జలపాతం. నేను."

"ఆదివారం అంటే రేపే," అన్నాను నేను.

"రేపే అత్తా. వెళ్ళకపోతే వద్దన్నట్టు. నీ ప్రార్థనల్లో నన్ను చేర్చడం ఈ ఒక్కరోజు ఆపి, నాతో రాగలవా?"

ఆమె ఎగతాళికి అనలేదు. అందుకే తగిలింది. పిల్ల చూపు ఎందుకు తీసుకున్నావని దేవుడిని ఎన్నోసార్లు ప్రశ్నించాను గానీ, ఉన్న చేతులకు మేమేం అడ్డుపడుతున్నామో ఒక్కసారీ ప్రశ్నించుకోలేదు. "వస్తాను," అన్నాను. "చర్చిలో తొలి పూజ అయ్యాక."

ఆదివారం చర్చి నుంచి నేరుగా నది వైపు నడిచాం. నా పూజ చెప్పులు సంచిలో పెట్టుకున్నాను. వెనక ఎవరో బురదలో పచక్ పచక్‌మని నడుస్తున్నారు.

"మీ ఇద్దరూ నదిలో కొట్టుకుపోతే రేపు చేపలు ఎవరు ఎండబెడతారు?" అన్నాడు మా ఆయన. 

మొదటి వాగు నడుము దాకా ఉంది. ఫెలీసా కర్రతో రాయి వెతుక్కుని, కాలు ఆనించి, మళ్ళీ వెతుక్కుని, మా ఇద్దరి కంటే ముందే దాటింది. నేను ఒకసారి జారాను. మా ఆయన రెండుసార్లు జారాడు, రెండోసారి కూర్చున్నచోటు నుంచి లేవడానికి మేనకోడలి కర్ర పట్టుకున్నాడు.

జలపాతం పక్కన రాళ్ళ మీద పెద్దవాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. లుయోన్ మమ్మల్ని చూసి లేచాడు. ఒక్క క్షణం ఏం చేయాలో తోచనట్టు ఉన్నచోటే నిలబడి, "రాళ్ళు తడిగా ఉన్నాయి టీచరమ్మా, తన్నకు," అన్నాడు. 

"తన్నడానికి రాలేదు ఇవాళ."

లుయోన్ తండ్రి సన్నగా, ఎండిన వేరులా ఉన్నాడు. తమలపాకుల పెట్టె మోకాలి దగ్గర పెట్టుకుని మాకు అర్థం కావాలని తగలోగులోనే మాట్లాడాడు.

"కిందివాళ్ళు కాగితాలు పట్టుకుని వచ్చినప్పుడల్లా మా కొండ కాస్త తగ్గింది. ఇప్పుడు పిల్లను పట్టుకుని వచ్చారు. అది కూడా చూపులేని పిల్ల. ఈమెను మేమేం చేసుకోవాలి?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన బురద గుడ్డలతో ముందుకు దూకాడు.

"ఏమన్నావు? మా పిల్లను ఏం చేసుకోవాలా? ఐదుగురు పిల్లలకు చదువు చెబుతోంది! మున్సిపల్ ఆఫీసరుకు నిన్న అక్షరాలు దిద్దించింది! రెండు వాగులు నీకంటే బాగా దాటింది! నీ కొడుకు అదృష్టం అది. మా పిల్ల మీద ఒక్క మాట పడనివ్వను!"

నెల రోజులుగా ఈ సంబంధం వద్దన్న మనిషి ఈయనే. నేను ఆకాశం వంక చూశాను. లుయోన్ నేల వంక చూశాడు, నవ్వు దాచుకోవడానికి.

"మామయ్యా, కూర్చో," అంది ఫెలీసా. తర్వాత నీళ్ళ చప్పుడు లేని వైపు, తండ్రి గొంతు వచ్చిన వైపు తిరిగింది. కొండ మీద పెద్దవాళ్ళను పిలిచినట్టే పిలిచింది. "బాపా, నా సంగతి నన్నే అడగండి. ఈ కొండ మీద చూపులేని పిల్లలున్నారా?"

పెద్దవాళ్ళు తమలో తాము గొణుక్కున్నారు. "ఇద్దరు," అన్నాడు తండ్రి.

"వాళ్ళకెవరు చదువు చెబుతున్నారు?"

"ఎవరూ లేరు."

"అయితే నాకిక్కడ పనుంది. కింద ఐదుగురున్నారు, అక్కడా పనుంది. ఐదు రోజులు కింద, రెండు రోజులు పైన. మీ అబ్బాయి నాతో దిగాలి, నాతో ఎక్కాలి. నేను తీసుకువచ్చే కాగితాల మీద సంతకాలుండవు బాపా, చుక్కలే ఉంటాయి. నమ్మకం లేకపోతే మీరూ తడిమి చూసుకోండి. ఎవరి కాగితం వాళ్ళే చదువుకోవాలని నాకు నిన్ననే బాగా తెలిసింది."

"వీడు చదవగలడా ఆ చుక్కలు?"

"నెమ్మదిగా," అన్నాడు లుయోన్. "నాన్నా, అడగాల్సింది నేను. ఇందాకటి నుంచి అందరూ మాట్లాడుతున్నారు, నేను తప్ప."

పెద్దవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. వాళ్ళ పద్ధతిలో పెళ్ళి మాట వట్టి మాటగా అడగరు. పాదానికి ఏడు అక్షరాలు కట్టి పాడి అడగాలి. లుయోన్ ఫెలీసాకు రెండడుగుల దూరంలో నిలబడి, గొంతు సవరించుకుని, తగలోగులో కట్టి పాడాడు.

"వాగు దాటి వచ్చావు,
తడిసింది నీ పాదం.
ఆరేదాకా నా ఇంట్లో
కూర్చోవా, ఓ నేస్తమా?"

ఒక ముసలావిడ వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, సరిపోయిందన్నట్టు తల ఊపింది. అందరూ ఫెలీసా వైపు తిరిగారు.  పాట కట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆమె కర్ర పక్కన పెట్టింది. వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ, నెమ్మదిగా, శ్రుతి లేకుండా అంది:

"ఆరిపోయాక కూడా
లేవనంటే ఏం చేస్తావ్?"

ముసలావిడ మళ్ళీ లెక్కపెట్టింది. ఏడు. ఏడు. చప్పట్లు కొట్టి పగలబడి నవ్వింది. లుయోన్ నవ్వలేదు. ఆమె ముందు తడి రాతి మీద మోకాళ్ళూని, "ఏం చేయను," అన్నాడు. "నేనూ కూర్చుంటా."

తండ్రి చాలాసేపు కొడుకును చూశాడు, ఫెలీసాను చూశాడు, బురదకొట్టుకుపోయిన మా ఆయనను ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. తర్వాత పెట్టె తెరిచాడు. ఆకు తుడిచి, సున్నం రాసి, వక్క పెట్టి, చుట్టి, ఆమె అరచేతిలో పెట్టాడు. ఇంకొకటి చుట్టి మా ఆయన చేతిలో పెట్టాడు. ఆకు చుట్టి ఇస్తే వాళ్ళలో సరేనన్నట్టే.

ఫెలీసా జన్మలో ఆకు వేసుకోలేదు. మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది, దగ్గు వచ్చింది. పెద్దవాళ్ళు ఉమ్మేయమన్నారు. లుయోన్ ఉమ్మేయమన్నాడు. మా ఆయన అప్పటికే చాటుకు వెళ్ళి ఉమ్మేశాడు. ఆమె తల అడ్డంగా ఊపి నమలుతూనే ఉంది. పూర్తిగా నమిలి మింగాక నా వైపు ముఖం తిప్పింది.

"నోరు పండిందా అత్తా?"

"పండిందే," అన్నాను.